పారాక్సోనేజ్-1 ప్రాజెక్టు డైరీ: ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ల రక్తంలో ఒక ఎంజైమును కొలిచే పని

మే

థీసిస్ టాపిక్ ఖాయమైంది. ఎండోమెట్రియోసిస్ ఉన్న స్త్రీల సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవంలో) పారాక్సోనేజ్-1 అనే, కొన్ని విషాలను విరిచే ఎంజైము పనితనం, ఆ జబ్బు లేనివాళ్లకన్నా తక్కువగా ఉంటుందా? జబ్బు ముదిరేకొద్దీ ఇంకా తగ్గుతుందా? ఇవీ ప్రశ్నలు. నేను కోస్తాలో ఒక మెడికల్ కాలేజీలో ఎండీ బయోకెమిస్ట్రీ చేస్తున్నాను. ఇదే పరీక్ష మొదలుపెట్టాలనుకునే మరో పీజీకి గానీ, తన జబ్బు మీద ల్యాబుల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునే ఆవిడకి గానీ పనికొస్తుందని ఈ డైరీ రాస్తున్నాను.

ఎండోమెట్రియోసిస్‌లో గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరుగుతుంది. అండాశయాల మీద, పొత్తికడుపు గోడల మీద, ఒక్కోసారి పేగుల మీద. నెలనెలా హార్మోన్లకు అది కూడా స్పందిస్తుంది, అక్కడే రక్తం కారుతుంది, వాపు వస్తుంది, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే దాదాపు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. దాని పేరు తెలిసేసరికి చాలామందికి ఏళ్లు గడిచిపోతున్నాయి. కేసులు ఎలా వస్తాయో చూద్దామని గైనిక్ ఓపీలో కూర్చున్నాను. "పెళ్లయితే తగ్గిపోతుందన్నారు" అని ఒకామె చెప్పింది. "ఒక కాన్పయితే పోతుందన్నారు, కాన్పే రావట్లేదు" అని ఇంకొకామె. ముట్టు నొప్పిని ఓర్చుకోవడమే ఆడపిల్ల లక్షణం అన్నట్టు పెంచిన ఊళ్లలో, పదమూడేళ్లకు మొదలైన నొప్పి ముప్పయ్యేళ్లకు గానీ స్కానింగ్ దాకా రాదు. ఈ ప్రాజెక్టు మీద నాకు పట్టుదల వచ్చింది ఆ ఓపీలోనే.

విషాలను విరిచే ఎంజైముకీ ఈ జబ్బుకీ సంబంధం ఏమిటని మా బ్యాచ్‌లో అందరూ అడుగుతున్నారు. దానికి రెండు దారులున్నాయి.

మొదటిది 1993 నాటిది. అమెరికాలో డయాక్సిన్ అనే కాలుష్య విషం కలిపిన తిండి తిన్న రీసస్ కోతుల్లో, ఆ తిండి ఆపేసిన చాలా ఏళ్ల తర్వాత కూడా ఎండోమెట్రియోసిస్ ఎక్కువగా, తీవ్రంగా కనిపించింది. అప్పటినుంచి కాలుష్య రసాయనాలను శరీరం ఎలా వదిలించుకుంటుంది, ఆ పనిచేసే జన్యువుల్లో తేడాలున్నాయా అని చాలామంది వెతికారు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా జబ్బు ముదిరిన దక్షిణ భారత స్త్రీలలో ఇలాంటి నిర్విషీకరణ జన్యువులను పరీక్షించి 2005లో ప్రచురించారు. వాళ్లు చూసింది జన్యువులను. మేం చూడబోయేది రక్తంలో ఎంజైము నిజంగా ఎంత పనిచేస్తోందన్నది. ఒక విషయం ముందే స్పష్టంగా రాసుకుంటున్నాను: డయాక్సిన్‌ను విరిచేది పారాక్సోనేజ్ కాదు. కోతుల కథ ఈ రంగానికి దారి చూపింది, అంతవరకే.

రెండో దారి నాకు ఎక్కువ నమ్మకం కలిగించింది. నెలసరి రక్తం కొంత ఫాలోపియన్ నాళాల గుండా వెనక్కి, కడుపులోకి పోతుందని శాంప్సన్ 1927లో చెప్పాడు. ఇది చాలామంది స్త్రీలలో జరుగుతుంది, జబ్బు మాత్రం కొందరికే వస్తుంది. అలా వెనక్కి వెళ్లిన రక్తంలోని ఎర్రకణాలు చిట్లితే హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం), ఇనుము బయటపడతాయి. ఇనుము చుట్టూ ఫ్రీ రాడికల్స్ పుడతాయి, కొవ్వులు ఆక్సీకరణ చెందుతాయి. అండాశయంలో చాక్లెట్ సిస్టు తెరిచినప్పుడు కనిపించే ముదురు గోధుమ రంగు ద్రవం ఈ పాత రక్తమే. పారాక్సోనేజ్-1 కాలేయంలో తయారై, రక్తంలో కొవ్వులను మోసే హెచ్‌డీఎల్ ('మంచి కొలెస్ట్రాల్') రేణువు మీద కూర్చుంటుంది. పారాథియాన్ అనే పురుగుమందు శరీరంలో పారాక్సాన్‌గా మారుతుంది, దాన్ని విరుస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. అయితే దాని మరో పని, కొవ్వుల ఆక్సీకరణను అడ్డుకోవడం, ఇక్కడ మనకు ముఖ్యం. హెచ్‌డీఎల్ మీద ఉండే ఈ ఎంజైము ఎల్‌డీఎల్ ('చెడ్డ కొలెస్ట్రాల్' రేణువు) చెడిపోకుండా కాపాడుతుందని మ్యాక్‌నెస్ బృందం 1991లో చూపింది.

తుర్కియేలో ఉర్ఫా నగరపు హర్రాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో ఈ ఎంజైము తక్కువగా ఉందని, జబ్బు దశతో దానికి సంబంధం ఉందని చెప్పారు. 2013లో బ్రెజిల్ బృందం ఒకటి, దశకూ ఎంజైముకూ సంబంధం కనిపించలేదని రాసింది. రెండూ చదివాక మా గైడ్ మేడం ఒకే మాట అన్నారు: "ఎవరితో పోల్చారో చూడు. నీ థీసిస్ అంతా అక్కడే ఉంది."

జూన్

ఎథిక్స్ కమిటీ ఫారాలు, తెలుగు సమ్మతి పత్రం. వాటి గురించి పెద్దగా రాయడానికేం లేదు. "ఈ పరీక్ష వల్ల మీకు వెంటనే ఎలాంటి వైద్య ప్రయోజనమూ ఉండదు" అనే వాక్యాన్ని కాగితం మొదట్లోనే పెట్టించాను. అది నాలుగో పేజీలో ఉంటే ఎవరూ చదవరు.

ఈ నెలంతా మేడం చెప్పిన ప్రశ్న మీదే గడిచింది. ఎవరితో పోల్చాలి?

జబ్బు ఉన్నవాళ్లను గుర్తించడం తేలికే. లాపరోస్కోపీలో, అంటే పొట్ట మీద చిన్న రంధ్రం చేసి కెమెరా గొట్టం పంపినప్పుడు, సర్జన్ కళ్లతో చూస్తారు, ముక్క తీసి పెథాలజీకి పంపుతారు, అమెరికన్ సంతాన వైద్య సొసైటీ (ఏఎస్ఆర్ఎం) స్కోరు వేస్తారు. 1 నుంచి 5 అయితే మొదటి దశ, 6 నుంచి 15 రెండు, 16 నుంచి 40 మూడు, 40 దాటితే నాలుగు. కష్టమంతా జబ్బు లేదని ఖాయంగా చెప్పగలవాళ్లను వెతకడంలోనే. మా హాస్టల్ అమ్మాయిల రక్తం తీసుకుంటే వారంలో పని అయిపోతుంది. కానీ వాళ్లలో ఎవరికి ఈ జబ్బు ఉందో లేదో లోపల చూడకుండా ఎలా తెలుస్తుంది? నెలసరికి సెలవు పెట్టి దుప్పటి కప్పుకుని పడుకునే అమ్మాయిలు ప్రతి హాస్టల్లోనూ ఉన్నారు. పదిమందిలో ఒకరికి జబ్బు ఉన్నా, జబ్బు లేనివాళ్ల గుంపు అనుకున్నది కాస్తా కలగాపులగమవుతుంది.

అంటే కంట్రోల్స్‌కు (పోల్చడానికి తీసుకునే జబ్బు లేనివాళ్లకు) కూడా లాపరోస్కోపీ అయి ఉండాలి. మా రాష్ట్రంలో దానికి ఒక దారి ఉంది. దేశంలో స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అత్యధిక శాతం జరిగేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కాన్పు తర్వాత కొంతకాలానికి లాపరోస్కోప్‌తో పిల్లల ఆపరేషన్ చేయించుకునే తల్లులు మా ఆసుపత్రికి వస్తారు. ట్యూబులు కట్టే ముందు సర్జన్ చుట్టూ ఒకసారి చూస్తే లోపల మచ్చలు, అతుకులు లేవని తెలిసిపోతుంది. సిజేరియన్‌తో పాటే, కాన్పయిన వెంటనే చేసే ఆపరేషన్లను మాత్రం వదిలేయాలి. గర్భంలో కొవ్వుల లెక్కలన్నీ మారిపోయి ఉంటాయి, పైగా అక్కడ లాపరోస్కోప్ వాడరు.

ఇది బాగుందని సంతోషపడేలోపే మరో చిక్కు. ఎండోమెట్రియోసిస్‌తో వచ్చేవాళ్లలో చాలామందికి పిల్లలు ఉండరు. పిల్లల ఆపరేషన్‌కి వచ్చేవాళ్లందరికీ పిల్లలున్నారు. ఎంజైములో తేడా కనిపిస్తే అది జబ్బు వల్లనా, కాన్పుల వల్లనా? సంతానలేమికి లాపరోస్కోపీ చేయించుకుని లోపల అంతా శుభ్రంగా ఉన్నవాళ్లను తీసుకుంటే ఆ తేడా పోతుంది, కానీ వాళ్లలో పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాలు సరిగా విడుదల కాని జబ్బు) ఉన్నవాళ్లు ఉంటారు, ట్యూబులకు క్షయ సోకినవాళ్లు ఉంటారు. పీసీఓఎస్‌లోనూ ఈ ఎంజైము తగ్గినట్టు పరిశోధనలున్నాయి.

ఏ గుంపూ నిర్దుష్టం కాదు. అందుకే రెండు గుంపుల్నీ తీసుకుంటున్నాం. జబ్బు ఉన్నవాళ్లలో ఎంజైము రెండు గుంపులకన్నా తక్కువగా ఉంటే మాట బలపడుతుంది. ఒక గుంపుకన్నా మాత్రమే తక్కువగా ఉంటే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి. శాంపిల్ సైజు 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం పొరపాటు అవకాశం (లేని తేడాను ఉందనుకోవడం) పెట్టుకుని స్టాటిస్టిక్స్ సార్ వేసి ఇచ్చారు. రెండు కంట్రోల్ గుంపులనేసరికి పని బాగా పెరిగింది, టెన్షన్ కూడా. అయినా ఈ నిర్ణయం మీద నాకు సందేహం లేదు.

ఎవరిని తీసుకోకూడదన్న జాబితా కూడా రాశాం. షుగర్, కాలేయ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, పొగాకు వాడేవాళ్లు, స్టాటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు, మూడు నెలల్లోపు హార్మోన్ మాత్రలు వాడినవాళ్లు. చివరిది చాలా కేసులను మింగేస్తోంది. నొప్పితో వచ్చినవాళ్లకు డైనోజెస్ట్ గానీ గర్భనిరోధక మాత్రలు గానీ ముందే మొదలుపెట్టేస్తున్నారు, అది వాళ్లకు మంచిదే. శాంపిల్ కోసం మందు ఆపమని అడిగే ప్రసక్తే లేదని మేడం మొదటిరోజే గట్టిగా చెప్పారు.

ప్రశ్నల కాగితంలో ఒక గడి నేను చేర్చాను: పొలంలో పురుగుమందు పిచికారీ చేస్తారా, పత్తి, మిరప పనులకు వెళ్తారా? ఇది మా ప్రాంతానికి అవసరం. క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు శరీరంలోకి వెళ్లాక తయారయ్యే విషరూపాన్ని విరిచే ఎంజైముల్లో ఇదొకటి. వాళ్ల చేతుల మీద రోజూ పడుతున్నదాన్ని లెక్కలోకి తీసుకోకుండా వాళ్ల రక్తంలో నిర్విషీకరణ ఎంజైమును కొలిస్తే సగం బొమ్మే కనిపిస్తుంది.

జులై: ట్యూబుల సంగతి

రోగుల రక్తం ముట్టుకునే ముందు మా డిపార్ట్‌మెంటు వాళ్ల రక్తంతో పద్ధతి సరిచూసుకుంటున్నాం. మొదట ట్యూబులు.

ఆసుపత్రుల్లో ఎక్కువగా వాడేది ఊదా మూత ట్యూబు. సీబీపీకి అదే, హెచ్‌బీఏ1సీకి అదే. అందులో ఈడీటీఏ ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. పారాక్సోనేజ్-1 బతికేది కాల్షియం మీదే. ఎంజైము అణువులో రెండు కాల్షియం అయాన్లు ఉంటాయి, ఒకటి ఆకారాన్ని నిలబెడుతుంది, ఇంకొకటి పని చేయిస్తుంది. ఆకారాన్ని నిలబెట్టే కాల్షియం ఊడిపోతే తర్వాత బయటి నుంచి కాల్షియం పోసినా ఎంజైము పూర్తిగా తిరిగి రాదు.

ఇది పుస్తకంలో చదివాను. ల్యాబులో చూడాలనిపించింది. ఒకరి చేతి నుంచే ఒకేసారి ఎర్ర మూత ట్యూబులోకి, ఊదా ట్యూబులోకి రక్తం తీసి, రెండింటినీ ఒకే పద్ధతిలో నడిపాం. ఎర్ర ట్యూబు సీరంతో తెర మీద గీత నిటారుగా పైకి లేచింది. ఊదా ట్యూబు ప్లాస్మాతో బాగా పడిపోయి, ఎంజైము వేయని బ్లాంక్ గీతకు దగ్గరగా వచ్చేసింది. మా టెక్నీషియన్ అన్న ఎన్నో ఏళ్లుగా ఈ ట్యూబులతోనే పనిచేస్తున్నారు. ఆయన ఆ రెండు గీతల్నీ ప్రింటు తీసి బల్ల పైన గోడకి అంటించారు. శాంపిల్ తెచ్చే ప్రతి ఇంటర్న్‌కీ అది చూపించి "ఈ ప్రాజెక్టుకి ఊదా మూత తేవొద్దు బాబూ" అంటున్నారు.

ఈ ప్రయోగం వల్ల ఇంకో లాభం. మేం కొలుస్తున్నది కాల్షియం మీద ఆధారపడే ఎంజైమునే అని రుజువైంది. సీరంలో ఇలాంటి పదార్థాలను విరిచే ఇతర ఎంజైములు (ఎస్టరేజులు) కూడా ఉంటాయి, ఉదాహరణకు మా ల్యాబులోనే పురుగుమందు కేసులకు రోజూ కొలిచే కోలినెస్టరేజ్. దానికి కాల్షియంతో పనిలేదు.

హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబు వాడొచ్చు, ఇబ్బంది లేదు. అయితే కొవ్వుల పరీక్షలకూ ఒకే శాంపిల్ సరిపోవాలని సీరం మీదే స్థిరపడ్డాం.

ఆగస్టు: కొలిచే పద్ధతి

పారాక్సాన్ వాడి కొలవడం పాత పద్ధతి. అది పురుగుమందు తాలూకు అసలు విషం. మా ల్యాబులో అలాంటిదాన్ని నిత్యం వాడే వసతులు లేవు, తెచ్చే ఉద్దేశమూ లేదు. ఫినైల్ ఎసిటేట్ వాడుతున్నాం. ఎంజైము దాన్ని విరిచినప్పుడు ఫినాల్ వస్తుంది, ఫినాల్ 270 నానోమీటర్ల దగ్గర కాంతిని పీల్చుకుంటుంది. ఎంత వేగంగా పీల్చడం పెరిగితే ఎంజైము అంత చురుకు.

నైట్రోఫినైల్ ఎసిటేట్ అయితే పసుపు రంగు వస్తుంది, మామూలు గాజు క్యువెట్ (ద్రావణం పోసి కాంతి పంపే చిన్న పాత్ర), చవక మెషీను సరిపోతాయి. కానీ సీరంలోని ఆల్బుమిన్ కూడా దాన్ని కొంత విరిచేస్తుంది. రంగు కనిపించే సౌకర్యం కోసం ప్రశ్నను మసకబార్చుకోవడం ఇష్టంలేక 270కే వెళ్లాం. దాంతో క్వార్ట్జ్ క్యువెట్లు కావలసి వచ్చాయి, ఎందుకంటే మామూలు గాజూ, ప్లాస్టిక్కూ ఆ అతినీలలోహిత కాంతిని అవే ఆపేస్తాయి. ఒక జత క్యువెట్లు పక్క డిపార్ట్‌మెంటులో బీరువాలో దొరికాయి. వాటిని టెక్నీషియన్ అన్న తప్ప ఎవరూ కడగకూడదని నియమం.

బఫర్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, చేయబోయేవాళ్లకు ఉపయోగం. 20 మిల్లీమోలార్ ట్రిస్, పీహెచ్ 8.0, అందులో 1 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్. ల్యాబులో ఎప్పుడూ సిద్ధంగా ఉండేది ఫాస్ఫేట్ బఫర్, అది ఇక్కడ పనికిరాదు, ఫాస్ఫేట్ కాల్షియాన్ని పట్టుకుని తెల్లగా అడుగుకు దించేస్తుంది. ట్రిస్‌కి ఇంకో గుణం ఉంది: వేడి పెరిగితే దాని పీహెచ్ తగ్గుతుంది, డిగ్రీకి సుమారు 0.03 చొప్పున. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 8.0కి సరిచేసిన బఫర్ 37 డిగ్రీల దగ్గర 7.7కి దిగువన ఉంటుంది. కాబట్టి ఏ ఉష్ణోగ్రతలో కొలుస్తామో అదే ఉష్ణోగ్రతలో పీహెచ్ సరిచేయాలి. మేం 25 డిగ్రీలు ఎంచుకున్నాం. మా ఊళ్లో ఆగస్టు ఉక్కపోతలో ఆ 25 నిలబెట్టడానికి నీళ్లు తిరిగే హోల్డర్ వాడుతున్నాం.

ఫినైల్ ఎసిటేట్ నూనె చుక్కలా ఉంటుంది, నీళ్లలో అంత సులువుగా కలవదు. 100 మిల్లీలీటర్ల బఫర్‌కు సుమారు 12.7 మైక్రోలీటర్లు వేస్తే 1 మిల్లీమోలార్. వేసి చాలాసేపు తిప్పాలి, లేకపోతే అడుగున చుక్కలుగా ఉండిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, నిలవ ఉంటే తనంతట తానే విరిగిపోతుంది. అలా తనంతట తాను విరిగే వేగాన్ని ప్రతి విడతలోనూ బ్లాంక్‌గా కొలిచి తీసేస్తున్నాం.

లెక్క ఇలా. 25 మైక్రోలీటర్ల సీరాన్ని 975 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపితే 40 రెట్లు పలచనవుతుంది. అందులోంచి 0.2 మిల్లీలీటర్లు తీసి 2.8 మిల్లీలీటర్ల ఫినైల్ ఎసిటేట్ ద్రావణంలో వేస్తే ఇంకో 15 రెట్లు, మొత్తం 600 రెట్లు. ఫినాల్ మోలార్ గుణకం (ఎంత ఫినాల్ ఎంత కాంతిని పీల్చుతుందో చెప్పే అంకె) 1310, అంటే మిల్లీమోలార్‌కు 1.31. ఉదాహరణకు బ్లాంక్ తీసేశాక కాంతి పీల్చడం నిమిషానికి 0.262 పెరిగిందనుకుందాం. దాన్ని 1.31తో భాగిస్తే 0.2, 600తో గుణిస్తే మిల్లీలీటరు సీరానికి 120 యూనిట్లు. ఒక యూనిట్ అంటే నిమిషానికి ఒక మైక్రోమోల్ ఫినాల్.

ఈ ఉదాహరణలోనే ఒక హెచ్చరిక ఉంది. నిమిషానికి 0.2 మిల్లీమోలార్ విరుగుతోందంటే, మొదట ఉన్న 1 మిల్లీమోలార్‌లో ఐదో వంతు ఒక్క నిమిషంలోనే ఖర్చయిపోతోంది. ఆ తర్వాత గీత వంగిపోతుంది. చురుకైన ఎంజైము ఉన్నవాళ్లకు ఇంకా త్వరగా వంగుతుంది. మూడు నిమిషాల సగటు తీసుకుంటే ఎక్కువ ఉన్నవాళ్ల విలువలే ఎక్కువగా తగ్గి, గుంపుల మధ్య తేడా మాసిపోతుంది. అందుకే సీరం పడిన వెంటనే మూత పెట్టి, మొదటి అరనిమిషం గీతనే తీసుకుంటున్నాం. ప్రతి శాంపిల్ రెండుసార్లు.

సెప్టెంబరు: ఓటీ (ఆపరేషన్ థియేటర్) దగ్గర

శాంపిళ్లు మొదలయ్యాయి. ఉదయం ఆపరేషన్‌కు ముందు, మత్తు ఇవ్వకముందే, పరగడుపున ఉన్నప్పుడు రక్తం తీస్తున్నాం. ఆపరేషన్ ఒత్తిడి, సెలైన్ ఏవీ కలవకూడదు. ఓటీ సిస్టర్ల సాయం లేకపోతే ఈ ప్రాజెక్టు ఒక్క అడుగు కదిలేది కాదు. లిస్టులో ఎవరెవరున్నారో ముందురోజు సాయంత్రమే ఫోన్ చేసి చెబుతున్నారు.

పిల్లల ఆపరేషన్‌కి వచ్చిన ఒకామె సమ్మతి పత్రం విన్నాక అడిగింది: "నాకేం రోగం లేదు కదా డాక్టరమ్మా, నా రక్తమెందుకు?" "మీకు లేదు కాబట్టే కావాలమ్మా. ఉన్నవాళ్ల రక్తంలో తేడా ఏమిటో తెలియాలంటే లేనివాళ్లది పక్కన పెట్టి చూడాలి" అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, వాళ్ల చెల్లెలికి నెలసరి వస్తే రెండురోజులు లేవలేదని, ఆమెను కూడా తీసుకురావచ్చా అని అడిగింది. తీసుకురమ్మన్నాను, ప్రాజెక్టు కోసం కాదు, గైనిక్ ఓపీకి.

రక్తం తీసేటప్పుడు సన్నని సూదితో బలంగా లాగితే ఎర్రకణాలు చిట్లి సీరం గులాబీ రంగులో వస్తుంది. ఎర్రకణాల్లో వేరే ఎస్టరేజులున్నాయి, హీమోగ్లోబిన్ కూడా 270 దగ్గర కాంతిని పీల్చుతుంది. గులాబీ సీరం కనిపిస్తే తీసుకోవడం లేదు, ఎంత అరుదైన కేసైనా సరే. నాలుగో దశ ఉన్న ఒకామె శాంపిల్ ఇలాగే వదులుకోవలసి వచ్చింది. మనసు చాలా కష్టపడింది, కానీ నియమం అందరికీ ఒకటే.

దశల గురించి ఇంకో ఆలోచన మొదలైంది. మొదటి దశ స్కోరుతోనే నొప్పికి మెలికలు తిరిగిపోతున్నవాళ్లను చూస్తున్నాను. నాలుగో దశలో సంతానం కోసం వచ్చి, నొప్పి పెద్దగా లేదంటున్నవాళ్లూ ఉన్నారు. దశ అనేది లోపల మచ్చలు ఎంత పరచుకున్నాయి, అతుకులు ఎంత ఉన్నాయి అన్నదాని కొలత. నొప్పి కొలత కాదు. ఎంజైమును దశతో మాత్రమే ముడిపెడితే రోగికి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి కాగితం మీదికే రాదు. మేడంతో మాట్లాడి, సున్నా నుంచి పది దాకా నొప్పి స్కోరు, నెలలో ఎన్నిరోజులు పనికి వెళ్లలేకపోతున్నారు అన్నవి చేర్చాం. ఎథిక్స్ కమిటీకి సవరణ పంపి, అనుమతి వచ్చాకే అడగడం మొదలుపెట్టాం. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా తృప్తినిచ్చిన మార్పు ఇదే.

అక్టోబరు

తుఫాను హెచ్చరిక. సీరమంతా చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో ఉంది. ఒక్కో శాంపిల్‌ని మూడు గొట్టాల్లో దాచాం, ఒకటి కరిగిస్తే మిగతావి గడ్డకట్టే ఉండాలని. కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే ఎంజైము దెబ్బతింటుంది. కరెంటు పోయిన రాత్రి జనరేటర్ తిరిగింది, అయినా టెక్నీషియన్ అన్న ల్యాబులోనే పడుకున్నారు. ఫ్రీజర్ తలుపు ఎవరినీ తెరవనివ్వలేదు. లాగర్ చూస్తే ఉష్ణోగ్రత కొద్దిగానే పెరిగి మళ్లీ దిగింది. ఆ రాత్రి ఫ్రీజర్లో ఉన్న శాంపిళ్లకు గుర్తు పెట్టుకున్నాం. విశ్లేషణలో వాటిని ఉంచీ, తీసేసీ రెండు విధాలా చూస్తాం.

నవంబరు: హెచ్‌డీఎల్ ముడి

ఈ ఎంజైము కూర్చునేది హెచ్‌డీఎల్ మీద కాబట్టి, హెచ్‌డీఎల్ తక్కువున్నవాళ్లలో ఎంజైము కూడా తక్కువ ఉండొచ్చు. మన ఆడవాళ్లలో హెచ్‌డీఎల్ డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములకన్నా తక్కువ ఉన్నవాళ్లు ఓపీలో అడుగడుగునా కనిపిస్తారు. కూర్చునే పీట చిన్నదైతే కూర్చునేవాళ్లు తక్కువుంటారు, అంతమాత్రాన రావలసినవాళ్లు రాలేదని చెప్పలేం. అందుకని ప్రతి శాంపిల్‌కీ పూర్తి కొవ్వుల పరీక్ష చేస్తున్నాం. ఎంజైమును విడిగానూ, హెచ్‌డీఎల్‌తో భాగించీ రెండు రకాలుగా చూస్తాం.

జన్యు తేడా కూడా ఉంది. ఈ ఎంజైములో 192వ స్థానంలో కొందరికి గ్లుటమిన్, కొందరికి ఆర్జినిన్ ఉంటుంది. ఆర్జినిన్ రకం పారాక్సాన్‌ను చాలా వేగంగా విరుస్తుంది. మనుషుల మధ్య పారాక్సాన్ విలువలు ఎన్నో రెట్లు తేడాగా ఉండటానికి ఇది ఒక పెద్ద కారణం. ఫినైల్ ఎసిటేట్‌తో ఆ తేడా పెద్దగా బయటపడదు. జన్యు పరీక్షకు మా దగ్గర డబ్బు లేదు కాబట్టి, ఫినైల్ ఎసిటేట్ ఎంచుకోవడం ఇక్కడ కూడా కలిసొచ్చింది. దీనివల్ల మేం కొలుస్తున్నది సుమారుగా రక్తంలో ఎంజైము ఎంత ఉందన్నది. పురుగుమందును ఎవరు ఎంత వేగంగా విరవగలరన్న ప్రశ్నకు ఈ పద్ధతి జవాబు చెప్పదు. థీసిస్‌లో ఈ మాట స్పష్టంగా ఉండాలి.

మా సెమినార్‌లో ఒక సీనియర్ అడిగారు: ఎంజైము తక్కువగా వస్తే, తక్కువ ఉండటం వల్లే జబ్బు వచ్చిందంటావా? అననని చెప్పాను. పారాక్సోనేజ్-1లో 284వ స్థానంలో స్వేచ్ఛగా ఉన్న సిస్టీన్ ఒకటుంది. ఆక్సీకరణ చెందిన కొవ్వులు దాన్ని పట్టుకుని ఎంజైమును పనిచేయకుండా చేస్తాయి. కడుపులో పాత రక్తం, ఇనుము, వాపు ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో ఎంజైము ఆ పోరులో అరిగిపోయి ఉండొచ్చు. అప్పుడు అది కారణం కాదు, ఫలితం. ఒక్కసారి తీసిన రక్తంతో ఈ రెండింటినీ విడదీయలేం. ఆపరేషన్‌లో మచ్చలు తీసేసిన కొన్ని నెలల తర్వాత మళ్లీ రక్తం తీసి, ఎంజైము పెరిగిందా అని చూస్తే కొంత తెలుస్తుంది. మళ్లీ రావడానికి ఒప్పుకున్నవాళ్ల జాబితా మొదలుపెట్టాను. అయితే వాళ్లలో చాలామందికి ఆపరేషన్ తర్వాత హార్మోన్ మాత్రలు ఇస్తారు, దాన్ని లెక్కలో ఎలా పెట్టాలో స్టాటిస్టిక్స్ సార్‌తో ఇంకా మాట్లాడుతున్నాను.

డిసెంబరు

సేకరణ సగం దాటింది. గొట్టాల మీద కోడ్ నంబర్లే ఉన్నాయి, ఏది ఏ గుంపుదో నాకూ, టెక్నీషియన్ అన్నకూ తెలియదు. కోడ్ పుస్తకం మేడం బీరువాలో ఉంది. ప్రతి విడతలో మూడు గుంపుల శాంపిళ్లూ కలిసేలా స్టాటిస్టిక్స్ సార్ వరస వేసి ఇస్తున్నారు. ఒక రోజు జబ్బు ఉన్నవాళ్లవి, ఇంకో రోజు లేనివాళ్లవి నడిపితే ఆ రోజు బఫర్‌లో తేడా కూడా జబ్బు తేడాలా కనిపిస్తుంది. ప్రతి విడతలోనూ మా సొంత పూల్ సీరం (చాలామంది సీరం కలిపి దాచుకున్నది) ఒకటి నడుపుతున్నాం, అది హద్దు దాటితే ఆ విడత మొత్తం మళ్లీ.

నిన్న వార్డులో ఆపరేషన్ అయిన అమ్మాయి వాళ్ల అమ్మ అడిగింది, ఇకమీదట ఇలా పొట్ట కోయకుండా రక్తపరీక్షతోనే ఈ జబ్బు తెలుస్తుందా అని. ఇప్పటికి తెలియదని చెప్పాను. సీఏ-125 అనే రక్తపరీక్ష ఉంది, కానీ అది వేరే చాలా కారణాలకూ పెరుగుతుంది, మొదటి దశల్లో తరచుగా మామూలుగానే ఉంటుంది. ఐరోపా సంతాన వైద్య సంఘం 2022 మార్గదర్శకాలు కూడా ఏ రక్త సూచికనూ నిర్ధారణకు వాడొద్దనే చెప్పాయి. మా ఎంజైము షుగర్‌లోనూ, గుండె జబ్బులోనూ, కాలేయ జబ్బులోనూ తగ్గుతుంది కాబట్టి అది ఒక్కటే ఎప్పటికీ ఈ జబ్బు పేరు చెప్పలేదు. "మరి మీరు ఇంత కష్టపడేది దేనికమ్మా?" అంది. ఈ జబ్బు ఒంట్లో ఎలా పెరుగుతుందో తెలిస్తే, దాన్ని ఆపే మందు ఎక్కడ వెతకాలో తెలుస్తుందన్నాను. ఆమె తలూపి, పాప పెద్దమనిషైనప్పటినుంచీ నొప్పి ఎలా ఉండేదో చాలాసేపు చెప్పింది. నేను నొప్పి స్కోరు కాగితంలో వెనకవైపు కూడా రాసుకున్నాను.

ఇక పై నెల పనులు. విశ్లేషణ పథకం ముందే రాసి, సంతకం చేసి, తేదీ వేసి మేడంకి ఇవ్వాలి: ఏ గుంపుతో ఏది పోలుస్తాం, వయసు, బరువు, హెచ్‌డీఎల్, పొలం పని వీటిని ఎలా లెక్కలోకి తీసుకుంటాం, తుఫాను రాత్రి శాంపిళ్లను ఏం చేస్తాం. కోడ్ విప్పేది ఆ తర్వాతే. సంతానలేమి కంట్రోల్స్ ఇంకా తక్కువగా ఉన్నాయి, పక్క జిల్లా ఆసుపత్రిలో లాపరోస్కోపీ చేసే డాక్టరుతో మాట్లాడాం, వాళ్ల ఎథిక్స్ కమిటీ అనుమతి రావాలి. ఫినైల్ ఎసిటేట్ సీసా అడుగంటుతోంది, కొత్తది ఆర్డరు పెట్టాను. రాగానే పాతదానితో పక్కపక్కన పూల్ సీరం నడిపి చూడాలి.